బ్యాటరీ పోతే బిల్లు ఎవరిది?



కరెంటు కారు కొందామనుకునే ప్రతి ఇంట్లోనూ ఈ మధ్య ఒకే రకం చర్చ నడుస్తోంది. "ఎనిమిదేళ్ల వారంటీ ఇస్తున్నారు కదండీ, ఇంకా భయమెందుకు?" అని ఒకరంటారు. "బంపర్ టు బంపర్ ఇన్సూరెన్స్ చేయిస్తే బ్యాటరీతో సహా అన్నీ వచ్చేస్తాయి" అని ఇంకొకరంటారు. రెండు మాటల్లోనూ కొంత నిజం ఉంది. కానీ వారంటీ పుస్తకాన్నీ, ఇన్సూరెన్స్ పాలసీనీ పక్కపక్కన పెట్టుకుని చదివితే ఆ రెండింటికీ మధ్య ఒక ఖాళీ కనబడుతుంది. బ్యాటరీకి వచ్చే కష్టాల్లో కొన్ని సరిగ్గా ఆ ఖాళీలోనే పడతాయి. అప్పుడు లక్షల్లో ఉండే బిల్లు యజమాని చేతికే వస్తుంది. వాహన ప్రమాదాల్లో నష్టాన్ని లెక్కకట్టే సర్వేయరుగా పనిచేసినవాణ్ణి. ఆ ఖాళీ ఎక్కడ ఉంటుందో మీకు ముందే తెలిస్తే బాగుంటుందని ఇవాళ ఈ విషయం ఎత్తుకున్నాను.

పెట్రోలు బండిలో బ్యాటరీ అంటే కొన్ని వేల రూపాయల పెట్టె. పోతే వీధి చివర కొట్లో మార్పించుకుని వచ్చేస్తాం. కరెంటు కారులో అలా కాదు. సీట్ల కింద, బండి అడుగు భాగమంతా పరుచుకుని, వందల కిలోల బరువుండే సరంజామా అది. కారు ధరలో సుమారు మూడో వంతు నుంచి నలభై శాతం దాకా దానిదే. తెలంగాణ ప్రభుత్వం 2024 నవంబరులో కరెంటు వాహనాలకు రోడ్డు పన్ను, రిజిస్ట్రేషన్ ఫీజు పూర్తిగా ఎత్తేసింది. 2026 డిసెంబరు 31 దాకా ఆ మినహాయింపు ఇచ్చింది. ఆ తరువాత హైదరాబాద్ అపార్ట్‌మెంట్ల సెల్లార్లలో ఆకుపచ్చ నంబరు ప్లేట్లు బాగా పెరిగాయి. పన్నులో మిగిలిన డబ్బు లెక్క అందరికీ తెలుసు. బ్యాటరీ చెడిపోతే కట్టాల్సిన లెక్క మాత్రం చాలామందికి తెలియదు.

ఒక్క మాటలో చెప్పాలంటే, వారంటీ పుట్టుకతో వచ్చిన జబ్బుకి, ఇన్సూరెన్స్ దారిలో తగిలిన దెబ్బకి. వయసు మీద పడి వచ్చే నీరసానికి మాత్రం ఇద్దరూ బాధ్యులు కారు. కాబట్టి బ్యాటరీ పాడైనప్పుడు మొదట అడిగే ప్రశ్న ఒకటే. కారణం లోపలిదా, బయటిదా? మిగతాదంతా ఆ జవాబు మీదే ఆధారపడి ఉంటుంది.

ముందు వారంటీ సంగతి చూద్దాం. మన దేశంలో కార్ల కంపెనీలు ఎక్కువగా ఇస్తూ వచ్చింది ఎనిమిదేళ్లు లేదా 1,60,000 కిలోమీటర్లు, రెండింటిలో ఏది ముందు పూర్తయితే అది. టాటా నెక్సాన్ ఈవీకి మొదట్లో ఇదే లెక్క, హ్యుందాయ్ క్రెటా ఎలక్ట్రిక్‌కీ ఇదే. ఈ 1,60,000 అన్నది మనకు వింతగా కనిపిస్తుంది గానీ, మైళ్లలోకి మార్చి చూస్తే సుమారుగా లక్ష మైళ్లు. ఇప్పుడు పోటీ పెరిగి ఇంకా ముందుకు వెళ్లారు. ఎంజీ విండ్సర్, మహీంద్రా బీఈ 6, ఎక్స్‌ఈవీ 9ఈ, 2025లో వచ్చిన టాటా హారియర్ ఈవీ, వీటన్నిటికీ బ్యాటరీ మీద 'జీవితకాల వారంటీ' ప్రకటించారు.

జీవితకాలం అంటే ఎవరి జీవితకాలం? ఆ పదం కింద చిన్న అక్షరాల్లో వివరం ఉంటుంది, అది చదవాలి. టాటా లెక్కలో అది మొదటి రిజిస్ట్రేషన్ నుంచి పదిహేనేళ్లు. పైగా ఇలాంటి వారంటీ మామూలుగా మొదటి యజమానికే. మహీంద్రా కార్లయితే మొదటి యజమాని అమ్మేశాక, కొన్నవారికి పదేళ్లు లేదా రెండు లక్షల కిలోమీటర్లకు తగ్గిపోతుంది. ట్యాక్సీగా తిప్పే బండికి నిబంధనలు వేరుగా ఉంటాయి. నాలుగేళ్ల తరువాత అమ్మేసి ఇంకోటి కొనే అలవాటు ఉన్నవారు జీవితకాలమన్న మాట చూసి ధర ఎక్కువ పెట్టడం వల్ల లాభం లేదు.

ఇంతకీ వారంటీ ఏం హామీ ఇస్తోంది? తయారీలో, పదార్థంలో లోపం ఉంటే బాగుచేస్తాం లేదా మారుస్తాం అని. చాలా కంపెనీలు దానితో పాటు సామర్థ్యానికి ఒక అడుగు గీత కూడా గీస్తున్నాయి, సాధారణంగా డెబ్బై శాతం. బ్యాటరీలో మిగిలి ఉన్న సామర్థ్యాన్నే సర్వీస్ సెంటర్ వాళ్లు స్టేట్ ఆఫ్ హెల్త్ అంటారు. 45 యూనిట్లు పట్టే బ్యాటరీ వారంటీ గడువులోగా 31.5 యూనిట్లకన్నా కిందికి దిగితేనే అది లోపం కింద లెక్క. డెబ్బై రెండు దగ్గర ఆగితే కాదు. ఒక్క చార్జింగుతో హైదరాబాద్ నుంచి విజయవాడ చేరిన కారు ఆరేళ్లు తిరిగేసరికి సూర్యాపేటలో ఆగి చార్జింగు పెట్టుకోనిదే ముందుకు వెళ్లలేకపోవచ్చు. యజమానికి అది స్పష్టమైన నష్టం. వారంటీ పుస్తకం దృష్టిలో అది మామూలు అరుగుదల.

ఇక్కడే చాలామంది సర్వీస్ సెంటర్ కౌంటరు దగ్గర తగాదా పడతారు. "కొన్నప్పుడు నాలుగు వందల కిలోమీటర్లు అన్నారు, ఇప్పుడు రెండు వందల యాభై కూడా రావడం లేదు" అంటారు. నాలుగు వందలన్నది పరీక్షశాలలో తేలిన అంకె. వారంటీకి దానితో సంబంధం లేదు. మన రోడ్ల మీద మే నెల ఎండలో ఏసీ వేసుకుని హైవే మీద వందలో వెళితే కొత్త కారు కూడా అంత రాదు. కాబట్టి కిలోమీటర్ల గురించి వాదించి లాభం లేదు. స్టేట్ ఆఫ్ హెల్త్ ఎంత ఉందో పరీక్ష చేయించి, ఆ రిపోర్టు కాగితం మీద ఇవ్వమని అడగండి. ఏడాదికోసారి సర్వీసుకి ఇచ్చినప్పుడల్లా అడిగి తీసుకుని దాచుకోండి. నాలుగేళ్ల రిపోర్టులు వరసగా చేతిలో ఉంటే, ఒక్క ఏడాదిలో హఠాత్తుగా పడిపోయిన బ్యాటరీకీ, మెల్లగా అరిగిన బ్యాటరీకీ తేడా మీరే చూపించగలరు. హఠాత్తుగా పడిపోయిందంటే ఏదో ఒక మాడ్యూల్‌లో, అంటే బ్యాటరీలోని ఒక సెల్స్ గుంపులో, లోపం ఉండే అవకాశం ఎక్కువ. వారంటీ కింద అడగాల్సింది దాన్నే.

వారంటీ చేయి వదిలేసే సందర్భాలు కూడా ఆ పుస్తకంలోనే రాసి ఉంటాయి. ప్రమాదం, వరద, మంట, పిడుగు వంటి బయటి కారణాలు. కంపెనీ గుర్తింపు లేని చోట విప్పడం. వైర్లు కోసి అదనపు దీపాలో, మ్యూజిక్ సిస్టమో తగిలించడం. సర్వీసులు ఎగ్గొట్టడం, సాఫ్ట్‌వేర్ అప్‌డేట్ చేయించకపోవడం. ఇంకొకటుంది, అది మన ఇళ్లలో మరీ ఎక్కువ. అమెరికాలో పిల్లల దగ్గరికి ఆరు నెలలు వెళ్లే తల్లిదండ్రులు కారుని సెల్లార్‌లో కవరు కప్పి వదిలేసి వెళతారు. వెళ్లేటప్పుడు చార్జింగు పది శాతమో పదిహేను శాతమో ఉంటుంది. తిరిగొచ్చేసరికి అది పూర్తిగా అడుగంటిపోయి, లోపలి సెల్స్ దెబ్బతినవచ్చు. బ్యాటరీని ఖాళీగా ఎక్కువ రోజులు ఉంచడం వాడకంలో నిర్లక్ష్యం కిందికి వస్తుందని చాలా పుస్తకాల్లో ఉంటుంది. ఎంత ఉండాలో మీ కారు పుస్తకంలో చూసి, మామూలుగా సగం అటూ ఇటూగా ఉంచి, ఇంటి తాళాలు ఎవరికిస్తారో వాళ్లకే కారు తాళం కూడా ఇచ్చి నెలకోసారి చూడమని చెప్పి వెళ్లండి. బండిలో జరిగిందంతా బ్యాటరీ నియంత్రణ వ్యవస్థలో నమోదవుతుంది. ఎన్నిసార్లు చార్జి అయిందో, ఎంత వేడెక్కిందో, ఎన్నాళ్లు ఖాళీగా పడి ఉందో కంపెనీ ఇంజినీరు చదవగలడు. ఆ చరిత్ర కంపెనీ దగ్గర ఉంటుంది, మీ దగ్గర ఉండదు. ఈ అసమానత నాకు చాలా అన్యాయంగా కనిపిస్తుంది.

ఒక చిన్న సంగతి. కరెంటు కారులో కూడా పన్నెండు వోల్టుల పాత తరహా బ్యాటరీ ఒకటి ఉంటుంది. పెద్ద బ్యాటరీని కారుకి కలిపే స్విచ్చులు పనిచేయాలంటే దాని కరెంటే కావాలి. అది చచ్చిపోతే కారు కదలదు, తలుపు తెరుచుకోవడానికి కూడా మొరాయిస్తుంది. యజమాని గుండె ఆగినంత పనవుతుంది. కంగారు పడకండి, పోయింది చిన్నదే కావచ్చు. దానికి వారంటీ వేరు, గడువూ తక్కువే.

సరే, ఇన్సూరెన్స్‌కి వద్దాం. 1988 మోటారు వాహనాల చట్టం ప్రకారం థర్డ్ పార్టీ ఇన్సూరెన్స్ తప్పనిసరి. కరెంటు వాహనాలకు ఆ ప్రీమియంలో 2022 నుంచి పదిహేను శాతం రాయితీ కూడా ఉంది. అయితే అది మీ బండి వల్ల ఎదుటివారికి జరిగిన నష్టానికే. మీ బ్యాటరీకి దానిలో పైసా రాదు. బ్యాటరీకి రక్షణ కావాలంటే మీ సొంత నష్టానికి పాలసీ ఉండాలి, అదే మనం ఫుల్ ఇన్సూరెన్స్ అంటాం. ఆ పాలసీలో మంట, పేలుడు, దానంతట అదే అంటుకోవడం, పిడుగు, దొంగతనం, అల్లర్లు, భూకంపం, వరద, తుఫాను, కొండచరియలు, బయటి నుంచి జరిగే ప్రమాదం, ఇవన్నీ ఉంటాయి. ఆ వెంటనే మినహాయింపులు వస్తాయి. అరుగుదల, తరుగుదల, ఒక నష్టం వెంట వచ్చే ఇంకో నష్టం, మెకానికల్ లేదా ఎలక్ట్రికల్ బ్రేక్‌డౌన్. ఈ చివరి రెండు పదాల దగ్గర కరెంటు కారు యజమాని ఒక్క క్షణం ఆగాలి. కారు మొత్తం ఎలక్ట్రికలే కదా! ఏ దెబ్బా తగలకుండా, నీరు చేరకుండా, ఒక ఉదయం బ్యాటరీ పనిచేయడం మానేస్తే ఇన్సూరెన్స్ కంపెనీ ఆ పదాలు చూపించి పంపేస్తుంది. వారంటీ ఉంటే వారంటీ, లేకపోతే జేబు.

మంట విషయంలో మాత్రం కాస్త ధైర్యం చెప్పగలను. బ్యాటరీ లోపల లోపం వల్లే కారు అంటుకున్నా, 'దానంతట అదే అంటుకోవడం' అన్నది పాలసీ పట్టికలో ఉంది. వైర్లకు అతుకులు వేసిన జాడో, ఇంకేదైనా మినహాయింపో కనబడకపోతే కాలిపోయిన బండికి పరిహారం ఇవ్వాలి. తరువాత కావాలంటే ఆ ఇన్సూరెన్స్ కంపెనీయే బండి తయారుచేసిన కంపెనీని నిలదీసి వసూలు చేసుకుంటుంది, చట్టంలో దానికి దారి ఉంది. మీరు చేయాల్సింది ఫైర్ స్టేషన్ నుంచి సర్టిఫికెట్, పోలీసు కాగితం తీసుకోవడం, సర్వేయరు చూసేదాకా కాలిన భాగాల్ని ఎవరూ కదపకుండా ఉంచడం.

వరద గురించి ఎక్కువ చెప్పాలి, ఎందుకంటే మన ప్రాంతాల్లో బ్యాటరీలు ఎక్కువగా దెబ్బతినేది అక్కడే.

2024 సెప్టెంబరు మొదటి వారం బుడమేరు పొంగి విజయవాడలో సింగ్‌నగర్, ఆ చుట్టుపక్కల కాలనీలు రోజుల తరబడి నీళ్లలో ఉన్నాయి. ఆ తరువాత ఒక వర్క్‌షాపులో లిఫ్టు మీదికెక్కించిన ఒక కరెంటు కారు చూశాను. తలుపు లోపలి గుడ్డ మీద బురద గీత స్టీరింగు ఎత్తున ఉంది. యజమాని పక్కనే నిలబడి ఉన్నాడు. "నీళ్లు తీసిన మర్నాడు ఒకసారి ఆన్ చేసి చూశానండీ. తెర మీద వెలుగొచ్చింది, బాగానే ఉందనుకుని చార్జింగు పెట్టాను" అన్నాడు. మెకానిక్ చేతికి రబ్బరు తొడుగులు వేసుకుని, బ్యాటరీ దగ్గర నారింజ రంగు కేబులు కనెక్టరు ఊడదీశాడు. లోపలి పిన్నుల మీద పచ్చటి చిలుము, ఒక మూల నల్లగా మాడిన మచ్చ. ఆ పచ్చదనం వరదది. ఆ నలుపు చార్జింగుది. ఇన్సూరెన్స్ కంపెనీ మొదట సరిగ్గా ఆ నలుపు దగ్గరే పట్టుకుంది. వరద వల్ల జరిగింది ఇస్తాం, ఆన్ చేయడం వల్ల జరిగింది వెంట వచ్చిన నష్టం, అది ఇవ్వం అని. ఆయన పాలసీలో బ్యాటరీకి వేరే అదనపు కవరు తీసుకుని ఉన్నాడు, నీరు చేరడం, షార్ట్ సర్క్యూట్ రెండూ దానిలో రాసి ఉన్నాయి. దాని బలంతో గట్టెక్కాడు. అది లేకపోతే ఆ మాడిన మచ్చ ఖరీదు ఆయన కట్టాల్సి వచ్చేది.

కాబట్టి నీటిలో మునిగిన కరెంటు కారుని ఆన్ చేయొద్దు, చార్జింగు పెట్టొద్దు. ఎంత ఎత్తున నీళ్లు వచ్చాయో తెలిసేలా ఫొటోలు తీసి, కంపెనీకి ఫోను చేసి, ఫ్లాట్‌బెడ్ లారీ మీదే తరలించండి. "మా బ్యాటరీ ఐపీ 67, నీళ్లు పోవండీ" అని షోరూమ్‌లో చెప్పిన మాట నమ్ముకోకండి. ఐపీ 67 అంటే మీటరు లోతు నీటిలో అరగంట పాటు పరీక్షించారని అర్థం. సింగ్‌నగర్‌లో నీళ్లు అరగంటలో పోలేదు. కోస్తా జిల్లాల వాళ్లు ఇంకొకటి గుర్తుంచుకోవాలి. 2022లో అమెరికాలోని ఫ్లోరిడాని ఇయాన్ తుఫాను ముంచెత్తాక, ఉప్పు నీటిలో నానిన కరెంటు కార్లు కొన్ని రోజుల తరువాత వాటంతట అవే అంటుకున్నాయి. ఉప్పు నీరు చేరిన బండిని ఇంటి గోడకి, ఇతర బండ్లకి దూరంగా ఆరుబయట పెట్టాలి.

ఇప్పుడు నిజంగా చిక్కుముడి ఉన్న చోటికి వస్తున్నాను. అరకు ఘాట్ రోడ్డులోనో, ఊరి చివర మితిమీరిన ఎత్తున్న స్పీడ్ బ్రేకరు దగ్గరో కారు అడుగు టక్‌మని తగులుతుంది. దిగి చూస్తే ఏమీ కనబడదు, వెళ్లిపోతాం. బ్యాటరీ పెట్టె అడుగున చిన్న సొట్ట పడి, అంచున సీలు కాస్త విడి ఉంటుంది. రెండు వానాకాలాలు గడిచాక లోపల తేమ చేరి తెర మీద ఎర్రదీపం వెలుగుతుంది. వారంటీ వాళ్లు జాకీ ఎక్కించి సొట్ట చూపిస్తారు. "బయటి దెబ్బండీ, మాది కాదు." ఇన్సూరెన్స్ వాళ్లు అడుగుతారు. "దెబ్బ ఎప్పుడు తగిలింది? అప్పుడెందుకు చెప్పలేదు? ఇది మెల్లగా వచ్చిన పాడు, ప్రమాదం కాదు." రెండు తలుపులూ మూసుకుంటాయి. నేను చెప్పిన ఖాళీ ఇదే.

దీనికి విరుగుడు దెబ్బ తగిలిన రోజే ఉంది. అడుగు గట్టిగా తగిలితే ఆ వారమే లిఫ్టు మీద పెట్టించి చూడండి. సొట్ట ఉంటే ఫొటో తీసి, తేదీ, చోటు రాసి ఇన్సూరెన్స్ కంపెనీకి తెలియజేయండి. నో క్లెయిమ్ బోనస్ పోతుందని చాలామంది దాచిపెడతారు. ఆ బోనస్ మొదటి ఏడాది ఇరవై శాతంతో మొదలై, ఎక్కువలో ఎక్కువ యాభై దాకా వెళుతుంది. అదీ సొంత నష్టం ప్రీమియం మీదే. కొన్ని వేల రూపాయలు మిగుల్చుకోబోయి కొన్ని లక్షల హక్కుని వదులుకోవడం సరికాదు.

క్లెయిమ్ ఒప్పుకున్నాక కూడా చేతికి ఎంత వస్తుందన్నది వేరే కథ. చాలా పాలసీల్లో ఇప్పటికీ నడుస్తున్న తరుగుదల పట్టికలో రబ్బరు, ప్లాస్టిక్, టైర్లు, బ్యాటరీలు, ఎయిర్ బ్యాగులు అన్నీ ఒకే వరసలో ఉంటాయి, వాటికి యాభై శాతం కోత. అది పన్నెండు వోల్టుల పెట్టెని మనసులో పెట్టుకుని రాసిన వరస. దాన్నే లక్షల ఖరీదున్న పెద్ద బ్యాటరీకి వర్తింపజేస్తే ఏమవుతుందో చూడండి. ఉదాహరణకి పదిహేను లక్షల కారు, దానిలో బ్యాటరీ ఆరు లక్షలు అనుకుందాం. రాయి తగిలి బ్యాటరీ మొత్తం మార్చాల్సి వస్తే కంపెనీ ఇచ్చేది మూడు లక్షలు, మిగతా మూడు మీవి. జీరో డిప్రిసియేషన్, అంటే బంపర్ టు బంపర్ తీసుకుంటే ఈ కోత తప్పుతుంది. అయినా ఆ కవరులో పెద్ద బ్యాటరీ కూడా ఉందో లేదో పాలసీలో అక్షరాలా చూసుకోవాలి. లేకపోతే బ్యాటరీకి విడిగా అమ్మే కవరు తీసుకోవాలి. కరెంటు కారుకి ఇది దండగ ఖర్చు కాదని గట్టిగా చెబుతాను.

అదే లెక్క ఇంకాస్త ముందుకు తీసుకెళదాం. కారు విలువ, అంటే పాలసీలో ఐడీవీ, ఏటా తగ్గుతూ వస్తుంది. నాలుగేళ్లు దాటి ఐదో ఏట నడుస్తుంటే సగానికి పడిపోతుంది. పదిహేను లక్షల కారుకి ఏడున్నర లక్షలు. బాగుచేసే ఖర్చు ఐడీవీలో డెబ్బై ఐదు శాతం దాటితే బండిని పూర్తి నష్టం కింద రాసేస్తారు. ఏడున్నరలో డెబ్బై ఐదు శాతం అంటే ఐదు లక్షల అరవై రెండు వేల ఐదొందలు. బ్యాటరీ ఒక్కటే ఆరు లక్షలు! జీరో డిప్రిసియేషన్ ఉండి, కోత లేకుండా లెక్క కడితే, బాడీ మీద గీత కూడా పడని కారు బ్యాటరీ దెబ్బతిన్నందుకు తుక్కు కింద లెక్కకి వస్తుంది. యజమానికి ఏడున్నర లక్షలు ఇచ్చి బండి తీసుకుపోతారు. అందుకే పాలసీ రెన్యూవల్ అప్పుడు ప్రీమియం తగ్గించుకోవడానికి ఐడీవీ తగ్గించి రాయించుకోకండి. మొదటి రెండు మూడేళ్లు ఇన్వాయిస్ విలువ మొత్తం తిరిగి ఇచ్చే కవరు దొరికితే తీసుకోండి. మరమ్మతు ఎస్టిమేట్ వచ్చినప్పుడు మొత్తం బ్యాటరీ మార్చాలా, పాడైన మాడ్యూలో పై పెట్టెయో మారిస్తే సరిపోతుందా అని కూడా రాతపూర్వకంగా అడగండి.

ఇప్పటిదాకా కార్ల గురించి చెప్పాను గానీ, మన ఊళ్లలో కరెంటు బండి అంటే ముందు గుర్తొచ్చేది స్కూటరు. 2022 ఏప్రిల్‌లో నిజామాబాద్‌లోనూ, విజయవాడలోనూ ఇంట్లో చార్జింగు పెట్టిన స్కూటర్ బ్యాటరీలు పేలి ప్రాణాలు పోయాయి. అదే ఏడాది సెప్టెంబరులో సికింద్రాబాద్‌లో కింద ఈ-బైకుల షోరూమ్‌లో పుట్టిన మంట పొగ పైనున్న లాడ్జిని కమ్మేసి ఎనిమిది మంది చనిపోయారు. ఆ తరువాతే కేంద్రం 2022 డిసెంబరు, 2023 మార్చి, రెండు దశల్లో బ్యాటరీ పరీక్షల్ని కఠినం చేసింది. అంతకుముందు తయారైన బ్యాటరీలు ఇంకా ఎన్నో ఇళ్లలో ఉన్నాయి. వాటిని పడకగదిలో, రాత్రిపూట చార్జింగు పెట్టకండి.

ఊడదీసి ఇంట్లోకి తెచ్చుకునే బ్యాటరీతో ఇంకో చిక్కుంది. పాలసీ మామూలు భాషలో, బండి మీద ఉన్నప్పుడే దాని తగిలింపులకు రక్షణ. బల్ల మీద చార్జింగు పెట్టిన బ్యాటరీ ఆ నిమిషంలో బండి మీద లేదు. ద్విచక్ర వాహనాల పాలసీలో తగిలింపులు ఒక్కటే దొంగిలిస్తే, బండితో సహా పోనంతవరకు పరిహారం ఉండదని కూడా ఉంటుంది. బ్యాటరీ తగిలింపు కిందికి వస్తుందా, బండిలో భాగమా అని వాదించొచ్చు. కానీ ఆ ప్రశ్న పాలసీ తీసుకునే రోజునే ఈమెయిల్‌లో అడిగి, జవాబు తెప్పించుకుని దాచుకోవడం మేలు. ఇక ఆ మంటకి ఇల్లు కాలితే బండి పాలసీ మీ సొంత ఇంటికి ఇవ్వదు. దానికి భారత్ గృహ రక్ష అని 2021 నుంచి ఇన్సూరెన్స్ కంపెనీలన్నీ అమ్ముతున్న ఇంటి పాలసీ ఉంది, ప్రీమియం కూడా భరించగలిగినంతే. స్కూటరు కొన్న ఇంట్లో అది ఉండాలి.

స్కూటర్లలో కూడా ఓలా, ఏథర్ వంటివి ఎనిమిదేళ్లు లేదా 80,000 కిలోమీటర్ల వారంటీ ఇస్తున్నాయి, కొన్ని డబ్బు కట్టించుకుని. వారంటీ ఎన్నేళ్లదైనా, కంపెనీ ఉన్నన్నాళ్లే. సబ్సిడీ వివాదాల తరువాత కుదేలైన స్కూటర్ కంపెనీలు ఉన్నాయి. వాటి బండ్లు కొన్నవారికి స్పేర్ బ్యాటరీ దొరకడమే గగనమైంది. ధర తక్కువ అని కొత్త పేరు ఎంచుకునేవారు, ఆ ఊళ్లో దానికి సర్వీస్ సెంటర్ ఉందో లేదో వెళ్లి కళ్లతో చూసి రండి.

వాడిన కరెంటు కారు కొనేవారికి రెండు మాటలు. వారంటీ మీ పేరు మీదికి మారుతుందా, మారితే ఎంత మిగులుతుంది, కంపెనీ నుంచి ఈమెయిల్ తెప్పించుకోండి. స్టేట్ ఆఫ్ హెల్త్ రిపోర్టు కంపెనీ సర్వీస్ సెంటర్‌లోనే చేయించండి. బ్యాటరీకి కిలోమీటరుకి ఇంత అని అద్దె కట్టే పద్ధతిలో కొన్న కారు అయితే, బ్యాటరీ మీద అప్పు ఎవరిదో ముందే తేల్చుకోండి.

తగాదా వస్తే ఎక్కడికి వెళ్లాలి? ఇన్సూరెన్స్ నియంత్రణ సంస్థ ఐఆర్‌డీఏఐ 2024లో ఇచ్చిన ఆదేశాల ప్రకారం క్లెయిమ్ వచ్చిన 24 గంటల్లో సర్వేయర్ని వేయాలి, 15 రోజుల్లో రిపోర్టు రావాలి, వచ్చిన 7 రోజుల్లో కంపెనీ ఏదో ఒకటి తేల్చాలి. సర్వే రిపోర్టు నకలు అడిగి తీసుకోండి. బ్యాటరీ ఎందుకు పాడైందని సర్వేయరు రాశాడో ఆ ఒక్క వాక్యమే మీ కేసుకి ప్రాణం. దానితో విభేదిస్తే అక్కడికక్కడే రాతలో చెప్పండి. కంపెనీ రెండు వారాల్లో సరైన జవాబివ్వకపోతే బీమా భరోసా పోర్టల్‌లోనో, 155255 నంబరుకి ఫోను చేసో ఫిర్యాదు చేయొచ్చు. తరువాత హైదరాబాద్‌లోని ఇన్సూరెన్స్ అంబుడ్స్‌మన్ దగ్గరికి, కంపెనీ కాదన్న ఏడాదిలోపు వెళ్లాలి. ఫీజు లేదు, లాయరు అక్కర్లేదు, యాభై లక్షల దాకా తీర్పు ఇవ్వగలరు. ఆ తీర్పుకి కంపెనీ కట్టుబడాలి. వారంటీ తగాదా అయితే 1915 వినియోగదారుల హెల్ప్‌లైన్, అక్కడ తేలకపోతే జిల్లా వినియోగదారుల కమిషన్. రెండేళ్లలోపు కేసు వేయాలి. సొట్ట కేసులాంటి వాటిలో ఇద్దరూ కాదన్నారు కాబట్టి, బండి కంపెనీనీ ఇన్సూరెన్స్ కంపెనీనీ ఇద్దర్నీ ప్రతివాదులుగా చేర్చండి. ఒకరి మీదికి ఒకరు నెట్టుకోవడం అప్పుడు కమిషన్ ఎదుటే జరుగుతుంది.

ఇవన్నీ యజమాని పడాల్సిన పాట్లు. పడకుండా ఉండేలా నిబంధనలు మారాలని నేను కోరుకుంటున్నాను. తరుగుదల పట్టికలో టైర్లు, ప్లాస్టిక్‌ల వరసలోంచి వాహనాన్ని నడిపే బ్యాటరీని తీసేసి, దాని స్టేట్ ఆఫ్ హెల్త్‌ని బట్టి కోత లెక్కకట్టే వరస ఒకటి వేరుగా పెట్టాలి. ఆ పని చేయగల ఐఆర్‌డీఏఐ ప్రధాన కార్యాలయం మన హైదరాబాద్ గచ్చిబౌలిలోనే ఉంది. రెండోది, బ్యాటరీ ఆరోగ్యం ఎంతో యజమానికి బండి తెర మీదే కనబడాలి. కాలిఫోర్నియాలో 2026 మోడల్ నుంచి కంపెనీలు అలా చూపించి తీరాలని 2022లో నియమం పెట్టారు. ఆ అంకెని ఇక్కడ మనం కూడా సర్వీస్ సెంటర్ గడప తొక్కకుండా చూసుకోగలగాలి. కేంద్ర రవాణా శాఖ దాన్ని వాహన ప్రమాణాల్లో చేర్చాలని, వినియోగదారుల సంఘాలు దీని మీద వినతిపత్రాలు పంపాలని ఈ వేదిక నుంచి అడుగుతున్నాను.